డైనమోలో జీడిగింజ

ఆ ఆదివారం పొద్దున డ్రైవర్ రాజమల్లుకు ఉన్నది ఒక్కటే పని. ఎనిమిదింటికల్లా కారు కడిగి, తొమ్మిదింటికి కాజీపేట స్టేషనుకు పోయి, హైదరాబాదు బండి దిగే రాజేశ్వర్ రావు సారును ఎక్కించుకుని రావాలి. ఆ సారు పాత కార్లు కొని దాచుకునే మనిషి. కారు చూస్తాడు, నచ్చుతుంది, కొనుక్కుని తానే నడుపుకుంటూ పోతాడు. అంటే తన నౌకరీని ఎత్తుకుపోయే మనిషికి తానే ఎదురుపోయి, నమస్తే పెట్టి, తలుపు తీసి పట్టుకుని, జాగ్రత్తగా ఇంటికి తేవాలన్నమాట. ఈ పని చెప్పినప్పుడు సారంగపాణి సేటుకు దీంట్లో ఇబ్బందేమీ కనబడలేదు. బి.కాం. చదివినవాళ్లకు ఇలాంటివి కనబడవు.

అది నలభై తొమ్మిది నాటి విలాయతి కారు. సారంగపాణి తండ్రి పెద్ద సేటు అరవై రెండులో ఒక నవాబు దగ్గర కొన్నాడు. వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణాలు చాలానే ఉన్నాయి గాని, దుకాణానికి కారులో వచ్చి దిగినవాడు అప్పట్లో పెద్ద సేటు ఒక్కడే. ఆ కారు కొన్ననాడే రాజమల్లు స్టీరింగు పట్టుకున్నాడు. నాలుగో తరగతిలో బడి వదిలి, లారీల మీద క్లీనరుగా తిరిగి, ఇరవై నాలుగో ఏట ఆ సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడు నలభై ఆరు. పెద్ద సేటు పోయాడు, జుట్టు పోయింది, దూరపు చూపు సగం పోయింది, సీటు మాత్రం మిగిలింది.

"కారు అమ్మితే మరి నా సంగతేంది సేటూ?" అని శనివారం అడిగాడు.

"దుకాణంల సూద్దాం తియ్యి," అన్నాడు సారంగపాణి, బీరువా తాళాలు వెతుక్కుంటూ.

దుకాణంలో గుమాస్తాలందరూ పది పాసైనవాళ్లు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే భార్య యాకమ్మ బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టింది.

"దుకాణంల ఏం సూస్తడట? నువ్వు చీరెలు మడత పెడతాంటె సూస్తడా? ఇంట్ల నీ ధోతి నువ్వు మడత పెట్టంగ నేనెన్నడు సూడకపోతి."

అట్లా తెల్లవారింది. కారు కడిగి, తుడిచి, స్టార్ట్ చేశాడు. బానెట్ కిందినుంచి టకటకటకమని చప్పుడు. కాస్త రేజ్ చేస్తే చప్పుడూ పెరిగింది. అరుగు మీద పళ్లు తోముకుంటున్న సారంగపాణి నోట్లో బ్రష్షుతోనే దిగి వచ్చాడు.

"ఏందది?"

"సూడాలె సేటూ."

"ఇవ్వాళ్లనే రావాల్నా దీనికి? సారు బండి దిగేటి టైం అయితాంది. నువ్వు దీన్ని సూడు, నేను ఆటోల పోయి ఆయన్ని తోలుకొస్త. వచ్చేసరికి సప్పుడు ఉండొద్దు."

సేటు వెళ్లిపోయాక రాజమల్లు బానెట్ ఎత్తి, ఫ్యాన్ బెల్టు విప్పి, మళ్లీ స్టార్ట్ చేశాడు. చప్పుడు లేదు. అయితే రోగం ఇంజిన్లో లేదు, బెల్టు తిప్పే డైనమోలో ఉంది. వంగి డైనమో మూతి దగ్గర చూశాడు. అక్కడ చిన్న రెక్కల చక్రం ఉంటుంది, అది తిరిగితే డైనమోకు గాలి తగులుతుంది. ఆ రెక్కలకూ డొప్పకూ మధ్య దిష్టికి కట్టే నల్ల జీడిగింజ ఒకటి ఇరుక్కుని ఉంది.

ఎక్కడిదో వెతకనక్కర్లేదు. శనివారం సాయంత్రం సేటు తల్లి సావిత్రమ్మ, పరాయి మనిషి కన్ను పడుతుందని నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, జీడిగింజలు గుచ్చిన దండ తెచ్చి బానెట్ లోపల రేడియేటరుకు కట్టింది. ఎలుకలే కొరికాయో, దారమే పాతదో, దండ తెగి గింజలు కింద పడ్డాయి. ఒకటి మాత్రం దారి తప్పి డైనమోలో దూరింది.

స్క్రూడ్రైవర్ తీసి దాని మొన గింజ దగ్గర పెట్టాడు. ఒక్క పొడుపు పొడిస్తే బయటికొస్తుంది. చప్పుడు పోతుంది. చప్పుడు పోతే సారుకు నచ్చుతుంది. సారుకు నచ్చితే కారు పోతుంది. రాజమల్లు చేయి అక్కడే ఆగింది. వెళ్లి బీడీ తాగి వచ్చాడు. దొంగబుద్ధి మనకెందుకు, ఇరవై రెండేళ్లు ఉప్పు తిన్నాం అనుకుని, బెల్టు ఎక్కించి బిగించి, గింజను పొడవడానికి మళ్లీ వంగాడు. సరిగ్గా అప్పుడే ఆటో వచ్చి ఆగింది.

రాజేశ్వర్ రావు సారు కాలువల శాఖలో ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఆటో దుమ్ము దులుపుకుని, నమస్తే అన్నవాడికేసి చూడకుండా, స్టార్ట్ చేయమని వేలితో చెప్పాడు. టకటకటక. చేతికర్ర ఒక కొస ఇంజిన్‌కు ఆనించి, ఇంకో కొస చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"బేరింగు పోయింది," అన్నాడు సారు కళ్లు తెరిచి. "లోపల రాడ్డు బేరింగు. మంచి బండిని డ్రైవర్ల చేతుల్లో పెడితే ఇంతే. వీళ్లకు తొక్కడం తప్ప ఏం తెలుస్తుంది. ఎన్నేళ్ల నుంచి ఉన్నాడు ఇతను?"

"ఇరవై రెండేళ్లు సార్," అన్నాడు సారంగపాణి, ఆ తప్పు తనదే అయినట్టు.

"అదీ సంగతి."

రాజమల్లు స్క్రూడ్రైవర్‌ను జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వేమంటవ్ రాజమల్లూ?" అని సేటు అడిగాడు.

"నేనేమంట సేటూ. సారు చదువుకున్న మనిషి. బేరింగన్నంక బేరింగే."

చప్పుడు బాగుచేయిస్తే వచ్చే ఆదివారం వచ్చి తీసుకుపోతానని చెప్పి, టిఫిన్ తిని సారు వెళ్లిపోయాడు. రాజమల్లుకు వారం రోజుల నౌకరీ మిగిలింది. ఒక జీడిగింజకు అంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

సేటుకు మాత్రం నిద్ర పట్టలేదు. కారు అమ్ముడుపోకపోయినా ఓర్చుకునేవాడు గాని, పెద్ద సేటు కారుకు రోగమొచ్చిందన్న మాట మధ్యాహ్నానికి చౌరస్తా అంతా పాకింది. కిరాణా ఆయన పెట్రోల్‌లో చక్కెర పడిందన్నాడు. బంగారం దుకాణం ఆయన, మా బావమరిది జీపుకు అచ్చం ఇట్లాగే అయింది, తర్వాత బావమరిదే పోయాడు అన్నాడు. సోమవారం పొద్దున సేటు కట్టయ్య మిస్త్రిని పిలిపించాడు.

కట్టయ్య ములుగు రోడ్డులో లారీలు బాగుచేసే మనిషి. రాజమల్లు క్లీనరుగా ఉన్ననాటినుంచి ఎరుక, బావా అంటే బావా అనుకునే చనువు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, ఇంజిన్ చప్పుడు విని తల ఊపాడు.

"బేరింగు కాదు, తోక కాదు. ట్యాపెట్లు. ఇంజిన్ హెడ్డు విప్పాలె."

"హెడ్డు దాకా ఎందుకు బావా," అన్నాడు రాజమల్లు. బానెట్‌కు అడ్డంగా వచ్చాడు. "ముందుగాల బెల్టు తీసి సూడరాదు?"

కట్టయ్య నవ్వాడు. పక్కనే సేటు ఉన్నాడు కాబట్టి కాస్త ఎక్కువే నవ్వాడు. "బావా, నీకు స్టీరింగు తెలుసు. నేనెప్పుడన్న వచ్చి నీ స్టీరింగు పట్టుకున్ననా? ఇంజిన్ల ముచ్చట నాకిడిసిపెట్టు. ఓ చాయ్ చెప్పిరా పో."

రాజమల్లు పోయి చాయ్ చెప్పి వచ్చాడు. ఆ తర్వాత మూడు రోజులు నోరు విప్పలేదు. లారీ పానాలు విలాయతి నట్లకు పట్టకపోతే కట్టయ్య సుత్తె తీశాడు. సుత్తెకు రానివాటిని ఉలితో తీశాడు. అన్నిటికంటే ముందు అడ్డమని డైనమోను విప్పి, పాత గోనెసంచి మీద భద్రంగా పక్కన పెట్టాడు. ఆ పనిని మాత్రం ఎంతో శుభ్రంగా చేశాడు. రాజమల్లు చెట్టు నీడన కూర్చుని గోనెసంచిని చూస్తూ, ఇరవై రెండేళ్లలో తాను నూనె చుక్క కారనివ్వని ఇంజిన్ ముక్కలు ముక్కలై ఇంటి ముందు పరుచుకోవడం చూశాడు. ఒకటి రెండుసార్లు లేవబోయాడు. లేచినప్పుడల్లా, డ్రైవర్ల చేతుల్లో పెడితే ఇంతే అన్న మాట భుజం పట్టి కూర్చోబెట్టింది.

గురువారం సాయంత్రం అంతా బిగించారు. నాలుగు నట్లు, ఒక స్ప్రింగు మిగిలాయి. కట్టయ్య వాటిని అరచేతిలో వేసుకుని, పాత బండ్లకు ఇసొంటివి ఎక్కువనే పెడతరని చెప్పి జేబులో వేసుకున్నాడు. స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చింది, బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది, దానిమీద ఎప్పటి టకటక అప్పటిలాగే ఉంది.

"మరి సప్పుడు పోలేదు గదా?" అన్నాడు సారంగపాణి నీరసంగా.

"పోతది సేటూ, ఫికర్ చెయ్యకుండ్రి. ముందుగాల లోపల దాగిన రోగాలు బయటపడాలె. గీ పొగ, గీ వణుకుడు అన్నీ లోపలున్నయే. ఇప్పుడు బయటపడ్డయి. మంచిదే."

ఈ మాటలన్నీ లోపల పూజగదిలోంచి సావిత్రమ్మ వింటూనే ఉంది. ఆమె బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని, కొడుకును చూసి తల కొట్టుకుంది.

"మిస్త్రీలు కాదు, డాక్టర్లను తెచ్చినా పోదు నాయినా. ఇది మొక్కు. మీ నాయిన బాకీపడ్డ మొక్కు."

కారు కొన్న ఏడే మేడారం జాతర వచ్చింది. పెద్ద సేటు కుటుంబంతో బయల్దేరితే జంపన్నవాగు నడుమ కారు ఆగిపోయింది. సమ్మక్క తల్లీ, బండి కదిలితే బండెత్తు బంగారం ఇస్తానని ఆయన కారులోంచే చేతులెత్తాడు. బంగారమంటే ఆ జాతరలో బెల్లం. మనుషులు తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు, ఇది అందరూ చేసేదే. ఆవేశంలో పెద్ద సేటు తనను తాను మొక్కుకోకుండా కారును మొక్కాడు. బండి కదిలింది. ఒడ్డెక్కాక ఆయన తన ఎత్తు బెల్లంతో సరిపెట్టి, కారు మాట మళ్లీ ఎత్తలేదు.

"ఇరవై రెండేండ్లు తల్లి ఓపిక పట్టింది. ఇప్పుడు అమ్ముకుంటాన్లని తెలిసి అడుగుతాంది. నేను కట్టిన దండ తెగి కింద పడ్డప్పుడే అనుకున్న. మొక్కు తీరేదాక ఈ బండి గడప దాటొద్దు. ఆ హైదరాబాదాయనకు రావద్దని చెప్పు."

సారంగపాణి తల్లి మాటకు ఎదురాడే మనిషి కాదు. అంతలోనే ఆయనకు ఒక సందేహం వచ్చింది. కారు ఎత్తు అంటే ఎంత? శుక్రవారం పొద్దున సారుకు టెలిగ్రాం ఇచ్చి, కారును తూచడానికి మార్కెట్ దగ్గరి ధర్మకాంటాకు తీసుకుపొమ్మన్నాడు. పత్తి బండ్లు, మిర్చి లారీలు తూచే కాంటా అది. కారు తన కాళ్ల మీద తాను అక్కడిదాకా పోయిందంటే అది రాజమల్లు పనితనమే, కాని ఆ సంగతి ఎవరూ గమనించలేదు. వెనక నీలం పొగలో రిక్షాలో సావిత్రమ్మ, ముందు సీట్లో సేటు.

సేటు దిగి, రాజమల్లు కారును కాంటా మీదికి ఎక్కించాక, కాంటా ఆయన కిటికీలోంచి చేయి ఊపాడు. "డ్రైవర్ను దిగమనుండ్రి. మనిషి ఉంటే తూకం తప్పయితది."

"దిగొద్దు," అంది సావిత్రమ్మ రిక్షాలోంచి. "ఆనాడు వాగుల బండి ఆగినప్పుడు వీడు స్టీరింగు కాడనే ఉన్నడు. మా ఆయన మొక్కింది వీనితో కలిపి. తూస్తే కలిపే తూయాలె."

"నేను కూసోలేదమ్మా," అన్నాడు రాజమల్లు. ఇరవై రెండేళ్లుగా ఎవరూ అడగని ముచ్చట, ఇప్పుడు చెప్పడానికి సందు దొరికింది. "నడుం మట్టం నీళ్లల్లకు దిగిన. ప్లగ్గులకు కరెంటిచ్చే డబ్బ మూత విప్పి, లోపల చేరిన తడిని నా రుమాలుతోని తుడిస్తె అప్పుడు గద బండి…"

"నువ్వూకో. తల్లి కదిలిస్తే కదిలింది."

కాంటా ఆయన తూచి చీటీ రాశాడు. కారూ డ్రైవరూ కలిసి పన్నెండు క్వింటాళ్ల ఎనిమిది కిలోలు. వరంగల్ జిల్లాలో రాజమల్లు బతుక్కి ఎవరైనా ఒక బరువు కట్టారంటే అదే మొదటిసారి. అదీ విడిగా కాదు.

తల్లీకొడుకులు పక్కకు పోయి, అంత బెల్లం ఎక్కడ దొరుకుతుందో, ఏ లారీలో పంపాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాజమల్లు కారు దిగాడు. అమ్మకం ఆగింది. మొక్కు పేరు మీద నెలైనా గడుస్తుంది, ఆ తర్వాత సేటు మనసు మారొచ్చు. ఇక ఆ గింజతో పని లేదు. బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో ఒక్క పొడుపు పొడిచాడు. జీడిగింజ టపీమని అరచేతిలో పడింది. ఆదివారం నుంచి దాచుకున్న పని అరనిమిషం పట్టలేదు. సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు.

టకటక పోయింది. రాజమల్లు పెదవుల మీదికి నవ్వు రాబోయింది. అంతలో ఇంజిన్ లోపల ఎక్కడో ధన్‌మని ఒకే ఒక్క మోత మోగింది. కట్టయ్య జేబులోకి పోయిన నట్లలో ఏదో ఒకటి ఉండాల్సిన చోట అది. తర్వాత ఏ చప్పుడూ లేదు. మళ్లీ స్టార్ట్ చేయబోతే ఇంజిన్ బిగుసుకుపోయింది, తిరగలేదు. అది ఎప్పటికీ తిరగదని అతని చెవికి అప్పుడే తెలిసింది.

సారంగపాణి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

రాజమల్లుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక దాచి చేసేదేముంది. అరచేయి చాపాడు.

"సేటూ, ఇంజిన్ల ఏం లేకుండె. ఇగో, ఈ జీడిగింజ డైనమోల పడ్డది, అదే సప్పుడు. నాకు ఆదివారం నాడే ఎర్క. కారు అమ్ముతరని చెప్పలె. నన్నేమంటరో అనుండ్రి."

సారంగపాణి గింజను చూశాడు, రాజమల్లును చూశాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. జాలి పడ్డాడు.

"రాజమల్లూ, ఆ సారు ముప్పై ఏండ్లు ఇంజనీరు. కట్టయ్య పుట్టి పెరిగిందే ఇంజిన్లల్ల. వాళ్లకు దొరకంది నాలుగో క్లాసు సదువుకు దొరికిందా? బండి పోయిందని నీకు మనసు మంచిగ లేదు. పోయి నీళ్లు తాగు."

"నిజం సేటూ. యాకమ్మ మీద ఒట్టు."

"సరే తియ్యి. నిజమే అనుకుందాం. నీళ్లు తాగిరా."

ఇరవై రెండేళ్లలో రాజమల్లు చేసిన దొంగపని అదొక్కటే. అది చేయగలిగినవాడని కూడా వాళ్లు నమ్మలేదు. ఈలోగా సావిత్రమ్మ వచ్చి, అతని అరచేతిలోంచి గింజ తీసుకుని కళ్లకద్దుకుంది. "పడ్డ దిష్టినంత తల్లి ఇగో ఇట్ల బయటపడేసింది," అని కొంగున ముడేసింది. ఆ గింజ మళ్లీ అతని చేతికి రాలేదు.

మార్కెట్ హమాలీలు పదిమంది కారును నెట్టుకొచ్చారు. ఇంటి సందు ఎత్తు ఎక్కించలేక చౌరస్తాలో దుకాణం ముందే వదిలేశారు. సాయంత్రానికి ఎవరో ఆడమనిషి బానెట్‌కు పసుపు రాసి బొట్టు పెట్టి పోయింది. మర్నాటికి కొబ్బరికాయలు కొట్టారు. తల్లి ఆపిన కారు అని ఒకరికొకరు చెప్పుకుని, వర్ధన్నపేట నుంచి, తొర్రూరు నుంచి జాతరకు బట్టలు కొనుక్కునేవాళ్లు ఈ దుకాణమే వెతుక్కుంటూ రాసాగారు. గుమాస్తాలకు అన్నం తినే తీరిక లేదు.

ఆదివారం రాజేశ్వర్ రావు సారు రానే వచ్చాడు, టెలిగ్రాం అందలేదు. జనాన్ని తోసుకుని కారు దగ్గరికొచ్చి చుట్టూ చూశాడు.

"నడవకపోతే మాత్రం ఏముంది, ఇట్లాగే లారీలో వేసుకుపోతాను. అడిగినంతా ఇస్తాను," అన్నాడు.

సారంగపాణి కారు ముందు వంగి మొక్కుతున్న జనాన్ని చూశాడు, వాళ్ల చంకల్లోని తన దుకాణం సంచులను చూశాడు. "మా నాయిన యాది సార్. అమ్మేది లేదు," అన్నాడు.

సారు పోయాక రాజమల్లు మెల్లగా దగ్గరికి జరిగాడు. "సేటూ, మరి నడవని బండికి డ్రైవరెందుకు. నేను దుకాణంల…"

"దుకాణమెందుకు?" అంది సావిత్రమ్మ లోపలినుంచి. "బండితోని కలిపి తూగినోనివి. బండి ఉన్నన్ని నాళ్లు నువ్వు అండ్లనే ఉండాలె. విడదీస్తే మొక్కు చెడుతది."

సారంగపాణి దుకాణంలోంచే ఖాకీ బట్ట చింపించి రెండు జతలు కుట్టించాడు. జాతరకు బెల్లం లారీ పోయింది, వచ్చింది. రాజమల్లు పొద్దున తొమ్మిదికి వచ్చి, కారు తుడిచి, తలుపు తీసి, స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు. రాత్రి దుకాణం మూసినప్పుడు దిగుతాడు. జీతం ఎప్పటిదే.

"బాంచెన్, ఈ బండి మల్ల ఎప్పుడు కదుల్తది?" అని ఊళ్లనుంచి వచ్చిన ముసలివాళ్లు కిటికీలో తల పెట్టి అడుగుతారు.

"తల్లి తల్సుకున్ననాడు," అంటాడు రాజమల్లు, సేటు నేర్పినట్టే.

"ఇంటికి రాంగనే కాళ్లు గుంజుతానయంటవు, పొద్దంత ఏం తొక్కినవని?" అంటుంది యాకమ్మ. అతను క్లచ్చు తొక్కుతుంటాడు, గేరు మారుస్తుంటాడు, ఎవరూ చూడనప్పుడు.

మూడేళ్లకోసారి ఆఫీసుకు పోయి, లైసెన్సు మాత్రం తప్పకుండా రెన్యూవల్ చేయించుకుంటాడు.